'మేఖల' అంటే ఒడ్డాణం ఒక్కటేనా? నానార్థాలు, పర్యాయపదాలు కావాలి

పెన్నేటి గట్టు (కడప):
పదో తరగతి పిల్లలకు నానార్థాలు, పర్యాయపదాల పట్టిక రాస్తున్నాను. 'మేఖల' దగ్గర ఆగింది. గైడ్లలో 'ఒడ్డాణం, మొలనూలు' అని మాత్రమే ఇచ్చినారు. పద్యాల్లో భూమిని 'సాగరమేఖల' అంటారు, యాగశాల కరపత్రాల్లో 'త్రిమేఖల కుండం' అని ఉంటుంది. గుండానికి ఒడ్డాణమేంది? కాంచి, రశన, మేఖల ఒకటేనా? మొలతాడును కూడా ఈ వరుసలో రాయవచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బురుజు నీడ (కర్నూలు):
సార్, నగ దగ్గర మొదలుపెడితే మిగతా అర్థాలు అతకవు. 'నడుము చుట్టూ తిరిగి ఉండేది' అని మొదలుపెట్టండి, అన్నీ వరుసగా వస్తాయి. ఆడవాళ్ల నడుముకు నగ, బ్రహ్మచారి నడుముకు తాడు, కత్తి వేలాడదీసే పటకా, కొండకు నడిమి భాగం, గుండానికి చుట్టూ కట్టే మెట్టు.

కొండ అర్థానికి కుమారసంభవం మొదటి సర్గలో మంచి ఉదాహరణ ఉంది: 'ఆమేఖలం సంచరతాం ఘనానాం'. హిమాలయం నడుము దాకానే మేఘాలు తిరుగుతాయి, శిఖరాలు వాటికి పైన ఎండలో ఉంటాయి. అక్కడ ఒడ్డాణం అని అర్థం రాస్తే శ్లోకం చెడిపోతుంది.

'సాగరమేఖల' దగ్గర పిల్లలు మార్కులు పోగొట్టుకునేది విగ్రహవాక్యంలో. 'సాగరము యొక్క మేఖల' అని షష్ఠీ తత్పురుషం రాస్తారు. అలా రాస్తే సముద్రానికి ఒడ్డాణం పెట్టినట్టు అవుతుంది. 'సాగరమే మేఖలగా గలది' అని బహువ్రీహి రాయాలి, అప్పుడే భూమి అనే అర్థం వస్తుంది.

ఇక పర్యాయపదాలు. అమరకోశం మనుష్యవర్గంలో 'స్త్రీకట్యాం మేఖలా కాంచీ సప్తకీ రశనా తథా, క్లీబే సారసనం చ' అని ఐదు పేర్లున్నాయి. ఆ వెంటనే 'పుంస్కట్యాం శృంఖలం' అని మగవాడి నడుముకు వేరే పేరు ఉంది. మీ మొలతాడు ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కాంచి, మేఖల, రశన నిఘంటువులో ఒకటే. నగల లెక్కలో మాత్రం తేడా చెప్పే పాత శ్లోకం ఉంది: ఒక పేట ఉంటే కాంచి, ఎనిమిది పేటలైతే మేఖల, పదహారైతే రశన, ఇరవై అయిదైతే కలాపం. పరీక్షకు పర్యాయపదాలుగా రాయించండి, తరగతిలో ఈ పేటల లెక్క చెప్పండి. పిల్లలు మరిచిపోరు.

రెండు అక్షరాల దగ్గర జాగ్రత్త. 'రశన' ఒడ్డాణం, 'రసన' నాలుక. 'రశనోపమ' అలంకారాన్ని 'స'తో అచ్చువేసిన పుస్తకాలున్నాయి, అది తప్పు. ఒక ఉపమలోని ఉపమేయం తర్వాతిదానికి ఉపమానమై, ఒడ్డాణం కొక్కేల్లాగా కలుస్తూ పోతుంది కాబట్టి ఆ పేరు. రెండోది నర్మద పేరు: అమరంలో 'మేకలకన్యక', ఒత్తులేని 'క'. అది మేకల పర్వతం, నడుముతో సంబంధం లేదు.

అంచు నేత (అనంతపురం):
శిల్పాలు చూపించి చెప్పే పంతుళ్లకు ఒక మాట. లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద నడుము దగ్గర కనబడేదంతా మేఖల అనేస్తుంటారు. బొడ్డుకు పైన, పొట్ట చుట్టూ సన్నగా పోయే పట్టీ ఉదరబంధం. బొడ్డుకు కింద, కట్టుబట్టను పట్టి ఉంచేది కటిసూత్రం. దాన్నుంచి తొడల మీదికి తోరణంలా జారే దండలు ఊరుదామాలు, ముత్యాల సరాలు నిలువుగా వేలాడితే ముక్తదామాలు. కాళ్ల మధ్య కుచ్చిళ్లుగా దిగేది నగ కాదు, బట్ట కొస.

అహోబిలం యోగానంద నరసింహుడి మోకాళ్లను చుట్టి ఉండే పట్టీ మరోటి, దాని పేరు యోగపట్టం. చుట్టి ఉంది కదా అని దాన్ని మేఖల అనకూడదు.

బట్ట అనే అర్థం కూడా పట్టికలో చేర్చండమ్మా, సారో అమ్మో తెలియదు గానీ. అస్సాం ఆడవాళ్లు నడుముకు చుట్టి కుచ్చి దోపుకునే కింది బట్టను ఇప్పటికీ 'మేఖేలా' అనే అంటారు, పైన వేసేది చాదర్. సంస్కృతంలో మాత్రం కింద కట్టే బట్టకు అంతరీయం, ఉపసంవ్యానం, పరిధానం, అధోంశుకం అని నాలుగు పేర్లు వేరే ఉన్నాయి. 'పరి' అంటే చుట్టూ కాబట్టి పరిధానం మన 'కట్టుబట్ట'కు దగ్గర.

దర్భకట్ట (నంద్యాల):
గుండం సంగతి. గుంట అంచు చుట్టూ నేలకు పైన మెట్లుగా కట్టేవే మేఖలలు. మూడుంటే త్రిమేఖల. సాధారణంగా పాటించే లెక్కలో లోపలి మేఖల వెడల్పు 4 అంగుళాలు, నడిమిది 3, బయటిది 2. గుంట అంచుకూ మొదటి మేఖలకూ మధ్య ఒక అంగుళం ఖాళీ వదలాలి, దాన్ని కంఠం అంటారు.

తప్పు జరిగేది 'అంగుళం' మాట దగ్గర. శాస్త్రంలో 24 అంగుళాలు ఒక హస్తం. హస్తం అంటే మూర, సుమారు 18 ఇంచీలు. అంటే శాస్త్రంలోని అంగుళం ముక్కాలు ఇంచీ. మేస్త్రీ టేపు పట్టుకొని 4, 3, 2 ఇంచీలు కడితే మేఖలల వెడల్పు మొత్తం ఆరుముక్కాలు ఇంచీలకు బదులు 9 అవుతుంది, చేయి లోపలికి అందదు. గుంటను మూర లెక్కన, మెట్లను టేపు లెక్కన కట్టకూడదు.

ఉపనయనంలో మేఖల ముంజగడ్డితో పేనిన మూడు పేటల తాడు. ముంజ దొరక్కపోతే కుశతో చేయవచ్చని మనువే చెప్పినాడు. నడుముకు మూడు చుట్లు తిప్పి ముడి వేస్తారు. కౌపీనం నిలిచేది దాని మీదనే.

పెన్నేటి గట్టు (కడప):
చాలా మేలు చేసినారు. అయితే మొలతాడు?

బురుజు నీడ (కర్నూలు):
పని ఒకటే, అంతస్తు వేరు. గోచిగుడ్డ ఒక కొసను ముందు మొలతాడులో దూర్చి, కాళ్ల మధ్య నుంచి తీసి, రెండో కొసను వెనక అదే తాడులో దోపుతారు. వటువు మేఖల చేసేదీ ఇదే. కాబట్టి 'బ్రహ్మచారి మేఖల' అర్థానికి మొలతాడు దగ్గరి మాట. నగ అర్థానికి ఒడ్డాణం, మొలనూలు రాయండి. దట్టి, నడికట్టు ఈ వరుసలో వద్దు, అవి బిగించి చుట్టే బట్టలు.

పట్టికలో ఇట్లా వేయండి. నానార్థాలు: ఒడ్డాణం, బ్రహ్మచారి మొలతాడు, కొండ నడుము, హోమగుండం మెట్టు. పర్యాయపదాలు: కాంచి, రశన, సప్తకి, సారసనం. 'శృంఖలం' పర్యాయపదాల్లో చేర్చొద్దు, అది మగవాడిది.