తోడు పేరుతో వృద్ధులను చంపినవారు అన్నేళ్లు ఎలా తప్పించుకోగలిగారు?

ప్రశ్న

జపాన్‌లో చిసాకో కకేహి అనే స్త్రీ పెళ్లి సంబంధాలు కుదిర్చే సంస్థల ద్వారా వయసు మళ్లిన, ఆస్తిపాస్తులున్న పురుషులతో పరిచయం పెంచుకొని, భర్తతో సహా ముగ్గురిని సైనైడ్‌తో చంపిందనీ, మరొకరిపై హత్యాయత్నం చేసిందనీ నిర్ధారించి, క్యోటో జిల్లా న్యాయస్థానం 2017లో ఆమెకు మరణశిక్ష విధించింది. ఆ నేరాలలో మొదటిది 2007 నాటిది. ఆమె అరెస్టయింది 2014లో. ఒకరి తరువాత ఒకరు పోతుంటే ఇంతకాలం ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు?

నేను ఇది అడగడానికి సొంత కారణం ఉంది. అత్తయ్య పోయాక ఒంటరిగా ఉంటున్న మా మేనమామగారికి ఈ మధ్య ఒకామె తోడు దొరికింది. ఆయన మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకొని నవ్వుతూ కనబడుతున్నారు. అది చూసి సంతోషిస్తూనే ఉన్నాను గానీ, ఈ కేసు గురించి చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

సమాధానం 1

అనుమానం రాకపోవడానికి మొదటి కారణం వయసే. డెబ్బై ఐదేళ్ల మనిషి ఇంట్లో కుప్పకూలితే గుండె ఆగిందనే అందరూ అనుకుంటారు, ధ్రువపత్రంలోనూ అదే రాస్తారు. జపాన్‌లో శవపరీక్షకు వెళ్లే మృతదేహాలు చాలా తక్కువ. దహనం పూర్తయితే పరీక్షించడానికి ఇక ఏమీ మిగలదు. కకేహి భర్త 2013 డిసెంబరులో, పెళ్లయిన రెండు నెలలలోపే మరణించినప్పుడు పరీక్ష జరిగింది కాబట్టే రక్తంలో సైనైడ్ బయటపడింది. అప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే, 2012లో చనిపోయిన మరొకరి రక్తం అదృష్టవశాత్తూ భద్రపరచి ఉంది, అందులోనూ అదే విషం కనబడింది. ఆ కాస్త రక్తం దాచి ఉండకపోతే ఆయన మరణం కాగితాల మీద జబ్బుగానే మిగిలిపోయేదేమో.

ఆరోగ్యానికి మంచివంటూ ఆమె విషాన్ని గుళికలలో పెట్టి ఇచ్చిందన్నది నన్ను అన్నిటికంటే కలచివేసే విషయం. రోజూ మందులు మింగే మనిషి, తన మంచి కోరే చేయి అందించినదాన్ని ఎందుకు శంకిస్తాడు?

సమాధానం 2

శవపరీక్ష ఒక్కటే కాదు, ఆ మనిషి కోసం వెతికేవారు ఉన్నారా లేరా అన్నది కూడా ముఖ్యం. అమెరికాలోని శాక్రమెంటోలో డొరోథియా ప్యుయెంటె వృద్ధులకూ, దిక్కులేనివారికీ గదులు అద్దెకిచ్చి, వారు చనిపోయాక కూడా వారి ప్రభుత్వ భృతి చెక్కులను మార్చుకుంటూ వచ్చింది. అంతకుముందే, 1982లో, వృద్ధులకు మత్తుమందు ఇచ్చి దోచుకున్నందుకు ఆమెకు శిక్ష పడింది. షరతులతో విడుదలైనప్పుడు వృద్ధుల జోలికి వెళ్లకూడదని ఆంక్ష కూడా పెట్టారు. అయినా ఆ ఇల్లు నడుస్తూనే ఉంది. 1988 నవంబరులో ఆమె పెరటిలో ఏడు మృతదేహాలు దొరకడానికి కారణం, కనబడకుండా పోయిన ఒక అద్దెదారు గురించి ఎన్ని సాకులు చెప్పినా వినకుండా పట్టుబట్టి అడిగిన ఒక సామాజిక కార్యకర్త. పారిపోయి లాస్ ఏంజిలిస్ చేరిన ప్యుయెంటె, అక్కడ పరిచయమైన ఒక వృద్ధుణ్ణి కూడా ఆయనకు వచ్చే భృతి గురించే అడిగింది. ఆయన టీవీలో చూసిన ముఖాన్ని గుర్తుపట్టడంతో ఆమె దొరికిపోయింది. 1993లో మూడు హత్యలకు దోషిగా తేలి, 2011లో జైలులోనే మరణించింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినది చదివాక నాకు ఇంకొక సందేహం వచ్చింది. నేను ఆమె గురించి ఆరా తీస్తే మామయ్య నొచ్చుకుంటారు. ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. ఏం చేయాలి?

సమాధానం 3

నేను చాలాకాలం వృద్ధుల సంరక్షణలో పనిచేశాను. మలివయసులో తోడు దొరకడం అనుమానించవలసిన విషయం కాదని మొదటే చెప్పాలి. అటువంటి తోడులో నూటికి తొంభై తొమ్మిది మంది మనలాంటివారేనని నా నమ్మకం. కాబట్టి ఆమె గతం తవ్వడం కన్నా మీరు మామయ్య దగ్గరికి తరచూ వెళ్లడం మేలు. ముందుగా చెప్పకుండా కూడా ఒకసారి వెళ్లండి. ఫోన్ ఆయనే ఎత్తుతున్నారా, పాత స్నేహితులు ఇంటికి వస్తున్నారా, వైద్యుడితో ఆయన ఒంటరిగా మాట్లాడే వీలుందా అన్నవి గమనించండి. ఎప్పుడూ లేని మగత, తడబాటు కనబడితే మందుల డబ్బాలు వైద్యుడికి చూపించండి. వీలునామా మార్చడం, బీమా నామినీని మార్చడం, పెద్ద మొత్తం అప్పుగా ఇవ్వడం పరిచయమైన కొత్తల్లోనే జరిగితే, ఆ ఇద్దరికీ సంబంధం లేని న్యాయవాదితో ఆయన ఏకాంతంగా మాట్లాడేలా చూడండి. నిజాయితీ గల మనిషి దీనికి అడ్డు చెప్పరు.

ఆమెను కూడా పలకరించండి. పేరు పెట్టి పిలవండి, ఇంటికి ఆహ్వానించండి. ఆమె మంచి మనిషి అయితే మీకు ఒక బంధువు దొరుకుతుంది. కాకపోతే, ఈ మనిషి కోసం వచ్చి అడిగేవాళ్లున్నారని ఆమెకు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఈ సాయంత్రమే వెళ్తున్నాను. ఇద్దరినీ కలిసి వస్తాను.