అప్‌డేట్: హావ్‌లాక్, నీల్‌కి మళ్లీ వెళ్లే ప్లాన్

అండమాన్‌కి ఇదివరకు వెళ్లినవాళ్లు డిసెంబర్‌లో మళ్లీ వెళ్తే రోజులు ఎలా పంచుకోవాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి తేలింది ఇదీ.

ముందు పేర్ల సంగతి. 2018 నుంచి హావ్‌లాక్ దీవి అధికారికంగా స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఫెర్రీ బుకింగ్‌లో పాతా కొత్తా రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు.

చివరి రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు ఆగిపోతాయి, విమానం మాత్రం మనకోసం ఆగదు.

నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన చూడాలంటే హోటల్ కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. పూర్తి ఆటుకి (నీళ్లు బాగా వెనక్కి తగ్గే సమయానికి) గంట ముందు చేరుకుంటే మంచిది. నీళ్లు తీసిన రాళ్ల గుంటల్లో సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవులు, చిన్న పీతలు కళ్లెదుటే కదులుతుంటాయి. నాచు పట్టిన రాళ్లు జారతాయి, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. ఆటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైం నమ్ముకుంటే నీళ్లే మిగులుతాయి.

హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో డిసెంబర్‌లో సాయంత్రం 5కల్లా సూర్యుడు దిగిపోతాడు. 3:30కే చేరండి. పగడపు ముక్క ఒక్కటి కూడా తీసుకురావద్దు, అది నేరం.