వాటర్లూలో నెపోలియన్ ఎక్కడ దెబ్బతిన్నాడు?

ప్రశ్న: ఎల్బా దీవి నుంచి తప్పించుకుని 1815 మార్చి 20న పారిస్ చేరిన మనిషి, జూన్ 18కల్లా అంతా పోగొట్టుకున్నాడు. మా అబ్బాయికి పరీక్ష కోసం చెబుతూ నేనే ఇక్కడ ఆగిపోయాను. తప్పెక్కడ జరిగిందండీ?

జవాబు: వానండీ. ముందురోజు రాత్రంతా కురిసింది. మాది నల్లరేగడి. తడిసిన చేలో ఎడ్లబండి దిగబడితే చక్రం కదలదు, ఎడ్లు మోకాళ్ల మీద పడతాయి. అక్కడ లాగాల్సింది ఫిరంగులు! నేల ఆరాలని దాదాపు 11:30 దాకా ఆగాడు. సాయంత్రానికి శత్రువులకు తోడుగా బ్లూషర్ ప్రష్యా సేనతో వచ్చి పడ్డాడు.

ఇంకో జవాబు: నెపోలియన్ సేనాని గ్రూషీని మరిచిపోకండి. ప్రష్యన్లను తరమమని 33,000 మందినిచ్చి పంపితే, ఫిరంగుల మోత వినిపించినా వాటర్లూ వైపు తిరగలేదు.

అడిగినవారు: థాంక్సండీ. రేపు వాడికి బురద దగ్గర్నుంచే మొదలుపెడతాను.