తక్కువ బడ్జెట్‌తో మహానగరం: నడిబొడ్డున చిన్న గదా, శివారులో పెద్ద గదా?

సంచిసర్దు:
అందరికీ నమస్కారం. సెలవులకి ఒక పెద్ద నగరం చూసి రావాలని చాలాకాలంగా డబ్బు దాచుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (బాబుకి పదేళ్లు, పాపకి ఆరు), మా అమ్మ. ఇంతకు మించి ఖర్చు పెట్టేది లేదని ముందే గీత గీసుకున్నాం. ఏ నగరమన్నది ఇంకా తేలలేదు గానీ, ఏ ఊరికి గదులు వెతికినా ఒకే దగ్గర ఆగిపోతున్నాం. సిటీ సెంటర్‌లో ఇరుకు గదులు తీసుకుంటే మూడు రాత్రులకే డబ్బు సరిపోతుంది. అదే డబ్బుకి శివారులో వంటగదితో సహా ఫ్లాట్ ఐదు రాత్రులు వస్తుంది. నేను సెంటర్ అంటాను, మా ఆవిడ శివారు అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే తెగట్లేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. "రెండూ బాగుంటాయి, మీ ఇష్టం" అనే జవాబులు మాత్రం వద్దండీ, అవి మేమే బోలెడు చెప్పుకున్నాం.

నడకప్రియ:
సెంటరే. రాత్రులు తగ్గినా సెంటరే.

మీరు ఒక అద్దె పక్కన ఇంకో అద్దె పెట్టి పోలుస్తున్నారు, అది సగం లెక్క. శివారు అద్దెకి ఇంటిల్లిపాది రానుపోను ఛార్జీలు రోజూ కలపండి. రాత్రి పిల్లలు నిద్రకి తూలుతుంటే తప్పక పట్టే ట్యాక్సీ కలపండి. తేడా చాలావరకు కరిగిపోతుంది. ఇక సమయం. పోవడానికి గంట, రావడానికి గంట అనుకుంటే ఐదు రోజుల్లో పది గంటలు రైల్లోనే పోతాయి. ఊరు చూసే రోజు ఒకటి అక్కడే అయిపోయింది.

అన్నిటికంటే ముఖ్యమైంది సాయంత్రం. పెద్ద నగరాలు ఉచితంగా ఇచ్చే మంచి వాటిలో చాలా వాటికి వేళ పొద్దువాలాకే. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు, ఆదివారం 5 నుంచి 7 వరకు ఉచితం. టోక్యో మెట్రోపాలిటన్ ప్రభుత్వ భవనంలో 45వ అంతస్తు నుంచి, అంటే 202 మీటర్ల ఎత్తు నుంచి, ఊరంతా డబ్బు కట్టకుండా చూడొచ్చు. దాన్ని దీపాలు వెలిగాక చూడాలి. సింగపూర్‌లో గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) లైట్ షో కూడా ఉచితమే, చీకటి పడ్డాకే మొదలవుతుంది. సెంటర్‌లో ఉన్నవాళ్లు మధ్యాహ్నం గదికొచ్చి కాసేపు పడుకుని, మొహాలు కడుక్కుని మళ్లీ బయల్దేరతారు. శివారులో ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరిన పిల్లలు ఆరింటికి ఏ బొమ్మనీ చూడరు, ఎక్కడ కూర్చుందామా అని చూస్తారు. మీరు దాచుకున్న డబ్బుకి అసలైన ఫలితం ఇచ్చేవి ఆ సాయంత్రాలే. వాటిని వదులుకోకండి.

లెక్కలబాబాయి:
నడకప్రియ గారూ, సాయంత్రాల గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఆ గంట ఎక్కడినుంచి వచ్చిందండీ? శివారు అనగానే గంట అనేశారు. స్టేషన్ పక్కనే గది ఉండి, దిగాల్సిన చోటికి నేరుగా రైలు ఉంటే పదిహేను కిలోమీటర్లు కూడా అరగంటలోపే. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండి రెండు బస్సులు మారేవాళ్లు ఆలస్యంగా చేరతారు. దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి, నిమిషాల్లో, ఎన్నిసార్లు దిగి ఎక్కాలి అన్నదాన్లో కొలవండి.

ఇక ఛార్జీలు. లండన్ ట్యూబ్‌లో, అంటే అక్కడి మెట్రోలో, ఛార్జీ కట్టే పెద్దవాళ్లతో వెళ్తే 11 ఏళ్లలోపు పిల్లలు నలుగురి దాకా ఉచితం. అంటే వీళ్ల పిల్లలిద్దరికీ సున్నా. న్యూయార్క్ సబ్‌వేలో 44 అంగుళాల ఎత్తులోపు పిల్లలు ముగ్గురి దాకా ఉచితం, పైగా ఎంత దూరం వెళ్లినా ఛార్జీ ఒకటే. పారిస్ ప్రాంతంలో 2025 జనవరి నుంచి మెట్రో, లోకల్ రైళ్లకి ఒకే ధర టికెట్, విమానాశ్రయాల ప్రయాణం తప్ప. ఇలాంటి ఊళ్లలో శివారులో ఉన్నందుకు టికెట్ మీద అదనంగా పడేది ఏమీ లేదు. లండన్‌లో ఊరిని జోన్లుగా విడగొట్టారు, నడిబొడ్డు నుంచి దూరమయ్యేకొద్దీ ఛార్జీ పెరుగుతుంది, నిజమే. కానీ రోజుకి ఇంతకు మించి కోయరని పరిమితి ఉంది. ఆ పరిమితి పనిచేయాలంటే ఒక్కొక్కరూ రోజంతా ఒకే కార్డు వాడాలి. పొద్దున ఫోను, సాయంత్రం బ్యాంకు కార్డు తాకిస్తే రెండూ వేరు వేరు మనుషుల లెక్కలోకి పోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. రాత్రులు లెక్కపెట్టకండి, నిండు రోజులు లెక్కపెట్టండి. మూడు రాత్రులంటే మధ్యలో నిండు రోజులు రెండే. దిగిన రోజు, బయల్దేరే రోజు సామాన్లతోనూ క్యూలతోనూ పోతాయి. ఐదు రాత్రులంటే నిండు రోజులు నాలుగు. ప్రయాణం టికెట్ల డబ్బు రెండింటికీ ఒకటే. అంత ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్లి రెండు రోజులకే వెనక్కి రావడమా, నాలుగు రోజులు ఉండటమా? నాకైతే ఇందులో సందేహమే లేదు. మీ ఆవిడ మాట వినండి.

వంటగది సంగతి వేరే చెప్పాలా! ఐదుగురు మూడు పూటలా బయట తింటే ఆ బిల్లు గది అద్దెతో పోటీ పడుతుంది. పొద్దున టిఫిను, మధ్యాహ్నానికి కట్టుకెళ్లే డబ్బాలు ఇంట్లోనే అయిపోతే ఒక్క రాత్రి భోజనానికే బయట ఖర్చు.

బస్సుకిటికీ:
ఇద్దరూ పిల్లల గురించి మాట్లాడారు గానీ పెద్దావిడ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మా అత్తగారిని వెంటబెట్టుకుని తిరిగిన అనుభవంతో చెప్తున్నాను. పాత మెట్రోలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం. లండన్, న్యూయార్క్, పారిస్ మెట్రోలు కట్టి వందేళ్లు దాటింది, వాటిలో చాలా స్టేషన్లలో ఇప్పటికీ లిఫ్టు లేదు. మ్యాప్‌లో "నేరుగా రైలు, ఇరవై ఐదు నిమిషాలు" అని చూపిస్తుంది. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో ఎన్ని మెట్లున్నాయో చూపించదు. లెక్కలబాబాయి గారూ, మీ లెక్కలో ఇది లేదు.

అందుకని సంచిసర్దు గారూ, గది ఎక్కడ తీసుకున్నా మీరు ఎక్కే స్టేషన్‌లోనూ దిగే స్టేషన్‌లోనూ లిఫ్టు ఉందో లేదో ముందు చూడండి. మెట్రో సంస్థల మ్యాపుల్లో వీల్‌చెయిర్ బొమ్మ వేసి ఉంటుంది. లేకపోతే బస్సు లైను మీద గది వెతకండి. లండన్ బస్సులన్నీ కిందికి ఉండే ఫ్లోర్‌వే, ఎక్కడం తేలిక. ఒకసారి కార్డు తాకిస్తే గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకే ఛార్జీ. పైగా కిటికీ పక్కన కూర్చుంటే ఊరు చూసినట్టూ ఉంటుంది, పెద్దావిడ కాళ్లకి విశ్రాంతీ దొరుకుతుంది. డబ్బులిచ్చి ఎక్కే టూర్ బస్సు అవసరమే రాకపోవచ్చు.

తీరికగా:
బస గురించి ఇంత వాదన జరుగుతోంది గానీ, డబ్బు ఎక్కువగా పోయే చిల్లు ఇంకోటి ఉంది: సిటీ పాస్‌లు, అంటే ముందే ఒకసారి డబ్బు కట్టి చాలా చోట్లు చూసే టికెట్లు. ఐదుగురికి పాస్‌లు కొంటే ఒక్కోసారి రెండు రాత్రుల అద్దె అందులోనే పోతుంది. పాస్ చేతిలో ఉంటే మనం ఊరు చూడం, పాస్ గిట్టుబాటు చేసుకోవడానికి ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పరిగెడతాం. ముసలావిడ, ఆరేళ్ల పాప ఉన్న కుటుంబం రోజుకి నాలుగు చోట్లు చూడటం అయ్యే పని కాదు. అది మిగిలిస్తే సెంటర్‌లో ఇంకో రాత్రి రావచ్చేమో చూడండి.

ఉచితంగా చూడటానికి ఏం తక్కువ? లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీల్లో శాశ్వత ప్రదర్శనలకి టికెట్ లేదు. అంతకుముందు టికెట్ పెట్టిన సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం లాంటివి కూడా 2001లో ఉచితం చేశారు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలు ఉచితం. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి 1997 నుంచి ఛార్జీ లేదు, అది స్వేచ్ఛా విగ్రహం కనబడేలా వెళ్తుంది. పిల్లలకి పడవ ప్రయాణం, పెద్దవాళ్లకి విగ్రహం. తీరం దగ్గర ఎవరైనా ఆ ఫెర్రీకి టికెట్ అమ్మబోతే మాత్రం కొనకండి.

ఒక జాగ్రత్త. "ఉచితం" అనే పాత సలహాలు నమ్మి లెక్కలు వేసుకోకండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇష్టమొచ్చినంత ఇచ్చి వెళ్లే పద్ధతి 2018 నుంచి ఆ రాష్ట్రంవాళ్లకీ, చుట్టుపక్కల విద్యార్థులకీ మాత్రమే. బయటివాళ్లు పూర్తి టికెట్ కొనాల్సిందే. రోమ్‌లో పాంథియాన్ అనే పురాతన కట్టడానికి 2023 జులై నుంచి టికెట్ పెట్టారు. ఎప్పుడో వెళ్లొచ్చినవాళ్లు చెప్పింది విని ఐదుగురితో గుమ్మం దాకా వెళ్లి నిలబడితే, పిల్లల ముందు వెనక్కి తిరగలేక కొనేస్తాం. ఆ మ్యూజియం సొంత వెబ్‌సైట్ చూడండి, ఆ వారమే చూడండి.

నడకప్రియ:
నిండు రోజుల లెక్క గట్టిదే, కాదనను. కానీ ఆ నిండు రోజులో నిండుదనం ఎంత? శివారు నుంచి వెళ్లేవాళ్ల కళ్లన్నీ రాత్రి గడియారం మీదే ఉంటాయి. టోక్యోలో రైళ్లు అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము దాకా ఆగిపోతాయి. లండన్‌లో రాత్రంతా నడిచే ట్యూబ్ ఐదు లైన్లలోనే, అదీ శుక్ర, శనివారాలే. ఆ టెన్షన్‌తో ఊరు చూడటం నాకు నచ్చదు.

లెక్కలబాబాయి:
ఆరేళ్ల పాపతో అర్ధరాత్రి దాకా రోడ్డు మీద ఎవరుంటారండీ? ప్రాడో ఎనిమిదింటికి అయిపోతుంది. ఆఖరి రైలుకి ఇంకా గంటల వ్యవధి ఉంటుంది. కుర్రాళ్లు స్నేహితులతో వెళ్తుంటే మీ మాటకి నేను ఓటేస్తాను. కుటుంబానికి ఆ భయం లేదు. ఇక న్యూయార్క్ సబ్‌వే అయితే ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది.

నడకప్రియ:
ఆఖరి రైలు ఉండటం వేరు, ఎనిమిదింటికి నిద్రపోతున్న పాపని భుజానేసుకుని, అమ్మగారి చెయ్యి పట్టుకుని అరగంట రైల్లో వెళ్లడం వేరు. మొదటి రోజు వెళ్తారు. రెండో రోజు "ఇవాళ వద్దులే, త్వరగా వెళ్లిపోదాం" అంటారు. అక్కడితో సాయంత్రాలు అయిపోయినట్టే. శివారులో ఉండేవాళ్లు పోగొట్టుకునేది రైలు దగ్గర కాదు, ఆ "వద్దులే" దగ్గర.

బస్సుకిటికీ:
ఈ మాట నూటికి నూరు పాళ్లు నిజం.

తీరికగా:
అద్దెల పోలికలో ఇంకో మాట. మొదట కనబడే ధర చూసి నిర్ణయించుకోకండి. చాలా నగరాల్లో టూరిస్టు పన్ను వేరే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి అది గది అద్దెలో 12.5 శాతం. నగర పరిధి దాటితే పన్ను మారుతుంది కాబట్టి ఆఖరి బిల్లు పక్కన ఆఖరి బిల్లు పెట్టి చూడండి. ఫ్లాట్ అయితే క్లీనింగ్ ఛార్జీ కూడా కలపాలి, అది రాత్రులు తగ్గేకొద్దీ బరువవుతుంది. ఇంకోటి, ఆఫీసులుండే ప్రాంతాల హోటళ్లు వారం మధ్యలో ఉద్యోగస్తులతో నిండి, శని, ఆదివారాల్లో ఖాళీగా ఉంటాయి. వారాంతం కలిసేలా తేదీలు జరిపితే సెంటర్‌లోనే ధర దిగొచ్చు. విహారయాత్రికులతో నిండే ఊళ్లలో ఇది పనిచేయదు, అక్కడ వారాంతమే ఖరీదు.

సంచిసర్దు:
అందరికీ ధన్యవాదాలు. రాత్రి భోజనాలయ్యాక ఇదంతా ఇంట్లో పైకి చదివాం. పాస్‌ల ఆలోచన మానేశాం, ఆ విషయంలో వాదనే లేదు. మా అమ్మ ఒక్కటే మాట అంది: "మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చకపోతే సాయంత్రం నేను ఎక్కడికీ రాలేను, మీరు వెళ్లిరండి." ఆమెని గదిలో వదిలి మేము తిరగడానికైతే ఈ ప్రయాణమే వద్దు. దాంతో దూరపు శివారు పోయింది.

కానీ మా ఆవిడ నిండు రోజుల లెక్క పట్టుకుని వదలట్లేదు, రెండు రోజులకోసం అంత దూరం రానంటోంది. అందుకని ఇప్పుడు నడిబొడ్డూ కాకుండా, చివరా కాకుండా మధ్యలో వెతుకుతున్నాం. నేరుగా రైలు, ఇరవై నిమిషాలు మించకూడదు, రెండు వైపులా లిఫ్టు ఉండాలి, చిన్నదైనా వంటగది ఉండాలి. అలా అయితే నాలుగు రాత్రులు వచ్చేలా ఉంది. నడకప్రియ గారూ, ఇరవై నిమిషాలైతే మధ్యాహ్నం వెనక్కి రావడం కుదురుతుందా? నిజం చెప్పండి.

నడకప్రియ:
రైలు ఇరవై నిమిషాలా, గుమ్మం నుంచి గుమ్మానికి ఇరవై నిమిషాలా? రైలే ఇరవై అయితే నడక, ఎదురుచూపు, లిఫ్టు కలిసి నలభై అవుతుంది. అప్పుడు మధ్యాహ్నం ఎవరూ వెనక్కి రారు. గుమ్మం నుంచి గుమ్మానికి అరగంటలోపైతే వస్తారు. మ్యాప్‌లో గది అడ్రసు ఇచ్చి, మీరు మొదట చూడాలనుకున్న చోటు ఇచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరినట్టు ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకి తిరిగొస్తున్నట్టు ఒకసారి చూడండి. రాత్రిపూట రైళ్ల మధ్య వ్యవధి పెరిగితే అక్కడే తెలిసిపోతుంది.

లెక్కలబాబాయి:
ఆదివారం తేదీ వేసి కూడా చూడండి. చాలా ఊళ్లలో మరమ్మతుల కోసం లైన్లు ఆపేది ఆదివారాలే. డబ్బు వాపసు వచ్చే బుకింగే చేయండి, కొద్దిగా ఎక్కువైనా సరే. తేదీ దగ్గర పడ్డాక సెంటర్‌లో ధర తగ్గితే నడకప్రియ గారి మాటే నెగ్గనివ్వండి, నాకేం బాధ లేదు.