స్టెనో నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా? జీతం ఎంత?

ప్రశ్న (కావలి): అందరికీ నమస్కారం. మా చెల్లెలు బీకామ్ అయిపోయి ఇంట్లోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఎవరో మూడు నెలల్లో కోర్టు రిపోర్టింగ్ (కోర్టులో మాట్లాడేదంతా రాసిపెట్టడం), లైవ్ క్యాప్షనింగ్ (మాట్లాడుతుండగానే స్క్రీన్ మీద అక్షరాలు వేయడం) నేర్పిస్తారంట, ఇంట్లో కూర్చుని డాలర్లు సంపాదించొచ్చంట, ఫీజు మాత్రం 60 వేలు ముందే కట్టాలంట. మా నాయనేమో టైపు, షార్ట్‌హ్యాండ్ (మాటల్ని గుర్తులతో వేగంగా రాసుకోవడం) నేర్పించు, కోర్టులో స్టెనో పోస్టులు పడతాయి అంటున్నాడు. దేంట్లో చేర్పించమంటారు? ఏఐ వచ్చాక స్టెనోలతో పని ఉంటుందా అసలు?

జవాబు (నెల్లూరు): తమ్ముడూ, ముందు ఆ ఫీజు కట్టడం ఆపు. అమెరికాలో జీతాలు బాగున్న మాట నిజమే, 2023 లెక్కల్లో అక్కడి కోర్టు రిపోర్టర్లలో సగం మందికి ఏడాదికి 63,940 డాలర్ల పైనే వస్తోంది. కానీ వాళ్ళు వాడేది స్టెనోటైప్ మెషీన్, కొన్ని కీలు ఒకేసారి నొక్కి మాటలు కొట్టేది. ఆర్‌పీఆర్ అనే సర్టిఫికెట్ కావాలంటే సాక్షి విచారణను నిమిషానికి 225 మాటల వేగంతో, 95 శాతం కరెక్టుగా కొట్టాలి. అది మూడు నెలల్లో వచ్చే విద్య కాదు, ఎవరు చెప్పినా నమ్మొద్దు.

మీ నాయన మాటే వినండి. మన జిల్లా కోర్టుల్లో స్టెనో గ్రేడ్ 3 స్కేలు 34,580 నుంచి 1,07,210, దానిపైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. డిగ్రీతో పాటు ఇంగ్లిష్ షార్ట్‌హ్యాండ్ హయ్యర్ (నిమిషానికి 120 మాటలు), ఇంగ్లిష్ టైపు హయ్యర్ (45 మాటలు) పాసై ఉండాలి. చిక్కంతా పోస్టుల దగ్గరే. 2022లో రాష్ట్రం మొత్తానికి 114, 2025లో 80. అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా ఎస్‌ఎస్‌సీ (కేంద్ర ఉద్యోగాల స్టాఫ్ సెలక్షన్ కమిషన్) స్టెనో కూడా రాయించండి, గ్రేడ్ డి కి ఇంటర్, 80 మాటల స్పీడు చాలు, బేసిక్ 25,500. అక్కడ డిక్టేషన్ ఇంగ్లిష్ లేదా హిందీలోనే, తెలుగు షార్ట్‌హ్యాండ్ పనికిరాదు.

జవాబు (ఒంగోలు, కోర్టులో స్టెనోని): ఏఐ సంగతి నేను చెప్తా. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలోనే రాజ్యాంగ ధర్మాసనం వాదనల్ని ఏఐతో రాయించడం మొదలుపెట్టింది, కేరళలో 2025 నవంబరు నుంచి కింది కోర్టుల్లో సాక్ష్యాలు కూడా అట్టాగే తీసుకోమన్నారు. టెన్షన్ మాకూ ఉంది. అయితే మన దగ్గర సాక్షి తెలుగులో, అదీ పల్లెటూరి యాసలో పొలం గట్టు తగాదా చెప్తుంటే జడ్జిగారు దాన్ని ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేస్తారు, ఆ పని మెషీన్‌కి అంత సులువు కాదు. రాబోయే రోజుల్లో రాసేవాళ్ళ కన్నా సరిచూసేవాళ్ళు ఎక్కువ కావాలేమో అని నా అనుమానం, కాబట్టి స్పీడుతో పాటు ఇంగ్లిష్ గ్రామర్ గట్టిగా ఉండాలి.

ప్రశ్న (కావలి): థ్యాంక్స్ అన్నా. మా ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడిచ్చే సర్టిఫికెట్ సరిపోతుందా?

జవాబు (ఒంగోలు): చాలదు. ఎస్‌బీటెట్ (రాష్ట్ర సాంకేతిక విద్య, శిక్షణ బోర్డు) వాళ్ళు పెట్టే పరీక్షే పాసవ్వాలి. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని, టైపు లోయర్, షార్ట్‌హ్యాండ్ లోయర్‌తో మొదలుపెట్టి హయ్యర్‌కి వెళ్ళమనండి.