నడకలో బుద్ధిగా ఉండి, పరుగులో అడ్డం పడే కుక్క: ఎక్కడ మొదలుపెట్టాలి?

సాగరతీరం (ప్రశ్న):
మాది నాటు జాతి ఆడకుక్క. 11 నెలలు, 17 కిలోలు. నడిపిస్తే పర్వాలేదు. పరుగందుకుంటే మాత్రం ముందు కాసేపు నన్ను లాక్కుపోతుంది, తర్వాత ఎడమవైపు నుంచి కాళ్లకు అడ్డం వస్తుంది, లేదా ఏదో వాసన తగిలి ఉన్నపళంగా ఆగిపోతుంది. విశాఖ బీచ్ రోడ్డు, పొద్దున్న 5.30. మెడకు బెల్టు, 5 మీటర్ల దాకా సాగే రీల్ లీష్ (చుట్టలోంచి బయటకొచ్చే పట్టుతాడు). ట్రీట్లు కుడిచేత్తో ఇస్తాను. నడుముకు కట్టుకునే బెల్టు కొంటే సర్దుకుంటుందని ఒకరన్నారు, కొనొచ్చా? ఆగకుండా 5 కిలోమీటర్లు నాతో రావాలని కోరిక. ఎన్నాళ్లు పడుతుంది?

పట్టుతాడు:
మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. కుక్క ఎడమపక్క, ట్రీటు కుడిచేతిలో. ఆ చెయ్యి మీ ఒంటికి అడ్డంగా వస్తుంది కాబట్టి కుక్క కూడా ముక్కు చాచి మీ ముందుకు వస్తుంది. నడకలో అది తెలియదు, పరుగులో కాళ్లకు తగులుతుంది. ఇకమీదట ఎడమచేత్తోనే, మీ ప్యాంటు పక్క కుట్టు దగ్గర, మోకాలి ఎత్తులో ఇవ్వండి. ట్రీటు ఎక్కడ దొరికితే కుక్క అక్కడే ఉంటుంది.

రీల్ లీష్ పక్కన పడేయండి. అది ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటుంది, లాగేకొద్దీ తాడు వస్తుంది. లాగితే లాభమని దానికి రోజూ నేర్పుతున్నట్టే. 1.5 నుంచి 2 మీటర్ల మామూలు నైలాన్ లీష్ చాలు. మెడబెల్టుకి బదులు ఛాతీ మీద వై ఆకారంలో వచ్చే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల కట్టు) తీసుకోండి. భుజాలకు అడ్డంగా పట్టీ వచ్చే రకం వద్దు, ముందుకాళ్లు పూర్తిగా చాపనివ్వదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంతకంటే వదులైతే వెనక్కి జరిగి తప్పించుకుంటుంది.

శిక్షణ రోడ్డు మీద మొదలుపెట్టొద్దు. డాబా మీదో, పార్కింగ్‌లోనో చేయండి. ఉడికించిన చికెన్ శనగగింజంత ముక్కలుగా కోసి పెట్టుకోండి, ఆ మేరకు అన్నం తగ్గించండి. ఒక అడుగు వేసి, పక్కనే ఉంటే "యస్" అని ముక్క ఇవ్వండి. తర్వాత మూడడుగులు, ఎనిమిది, మళ్లీ రెండు. లెక్క దానికి అందకూడదు. మలుపులు కూడా తిరగండి. ఇది కుదిరాకే "పద" అని ఐదారడుగులు చిన్నగా పరుగెత్తి, అది ఎగరడం మొదలుపెట్టకముందే "మెల్లగా" అని నడకలోకి దిగండి.

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. పది సెకన్లు బాగా వచ్చిందని రెండు నిమిషాలు లాగిస్తారు. పరుగే పిల్లకుక్కకి ఉద్రేకం, అది పెరిగాక మాట చెవికెక్కదు. 10 సెకన్ల పరుగు, 30 సెకన్ల నడక, ఆరేడుసార్లు. అంతే, ఆ రోజుకి చాలు. లీష్ బిగిస్తే గుంజకండి, అరవకండి, వెంటనే నడకకి దిగండి. వదులయ్యాక మళ్లీ "పద". దానికి కావాల్సింది పరుగే కాబట్టి, లీష్ వదులుగా ఉంటేనే పరుగు దొరుకుతుందని త్వరగానే పట్టేస్తుంది.

మూగజీవి:
పైన చెప్పినదంతా సరే, కానీ 5 కిలోమీటర్లు ఇప్పుడే వద్దండి. ఎదిగే ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉండే వయసిది. మధ్యరకం కుక్కల్లో ఇవి దాదాపు ఏడాదికి గట్టిపడతాయి, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పడుతుంది. ఈలోగా తనంతట తాను గెంతులేసినా ఫర్వాలేదు, తారు రోడ్డు మీద మనం అదే వేగంతో ఆగకుండా పరుగెత్తించడమే చేటు. ఏడాది నిండాక డాక్టరుకి చూపించి దూరం పెంచండి.

విశాఖలో ఎండకంటే ఉక్క ప్రమాదం. కుక్క నాలుక చాపి రొప్పి, తడి ఆవిరయ్యేలా చేసుకుని చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ పని సాగదు, అందుకే సూర్యుడు రాకముందు కూడా వడదెబ్బ తగలొచ్చు. నాలుక వెడల్పై చివర పైకి ముడుచుకుంటే పరుగు ఆపండి. చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా, తూలినా, ఒంటినిండా కుళాయి నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు.

పొడి ఇసుకలో కాళ్లు దిగబడి కండరాలు పట్టేస్తాయి, అల తడిపిన గట్టి ఇసుక మేలు. సముద్రపు నీళ్లు తాగనివ్వకండి, వాంతులు, విరేచనాలు అవుతాయి. తిన్నాక రెండు గంటలైనా గడవాలి. నిన్నటిదాకా ఉరికిన కుక్క ఒక్కసారిగా రానని కూర్చుంటే మొండితనం అనుకోకండి. ముందుగా పాదాల్లో, చెవుల్లో పిడుదులున్నాయేమో వెతకండి, వాటివల్ల వచ్చే జ్వరం కూడా కావచ్చు.

ఊరకుక్క:
నడుము బెల్టు అన్నిటికంటే చివర. లాగే కుక్కని నడుముకి కట్టుకుంటే చేతికి బదులు నడుం పట్టేస్తుంది. లీష్ వదులుగా ఉండటం అలవాటయ్యాక కొనండి. సాగే రకం తాడు, ఒక్క లాగుతో ఊడే క్లిప్పు ఉండాలి. పట్టీ తుంటి మీద ఉండాలి, పొట్ట మీద కాదు.

అసలు చిక్కు వీధికుక్కలతో. అవి పడుకున్నచోటు పక్కనుంచి పరుగెత్తకండి, పరుగు చూస్తేనే వెంటపడతాయి. దూరంనుంచే నడకలోకి దిగి, మీ కుక్కని అవతలి పక్కకు మార్చుకుని, మధ్యలో మీరుండి దాటండి. గుంపు లేచి నిలబడితే వెనక్కి తిరగడమే. ఏ గుంపు ఎక్కడుంటుందో ముందు మీరొక్కరే నడిచి చూసుకుంటే మంచిది. యాంటీ రేబిస్ టీకా గడువు దాటనివ్వకండి.

సాగరతీరం:
అందరికీ థాంక్స్ అండి. ఒక్క సందేహం. ఇసుకలో పీతలు, చేపముక్కలు కనబడితే చికెన్ కూడా పట్టించుకోదు. అప్పుడు లాగెయ్యాలా?

పట్టుతాడు:
వద్దు. చికెన్ కూడా వద్దంటోందంటే మీరు మరీ దగ్గరకు వెళ్లిపోయారన్నమాట. పీతల్ని చూసి కూడా చికెన్ ముక్క మామూలుగా తీసుకునే దూరానికి వెనక్కి రండి, 10 మీటర్లో 30 మీటర్లో దాని ఇష్టం. అటు చూడగానే "యస్", ఇటు తిరిగాక ముక్క. ముక్క కోసం వేళ్లు కొరికినంత పని చేస్తుంటే ఇంకా దగ్గరగానే ఉన్నట్టు. రెండు మూడు రోజులకోసారి కాస్త దగ్గరికి జరగండి.

వాసన మాన్పించాలని చూడకండి, మానదు. పరుగుకు ముందు పది నిమిషాలు దాని ఇష్టానికి తిరగనివ్వండి, మూత్రం, దొడ్డి అన్నీ అప్పుడే అయిపోవాలి. మధ్యలో బాగా వచ్చినప్పుడు "చూసుకో పో" అని ఒక నిమిషం వదలండి, పీతలు లేనిచోట. ఇంట్లో అందరూ ఇవే మాటలు వాడాలి.

ఎన్నాళ్లు అన్నారు కదా. వారానికి నాలుగు రోజులు చేస్తే, లీష్ వదులుగా రెండు నిమిషాల పరుగుకు నెల, నెలన్నర వేసుకోండి. డాక్టరు సరేనన్నాక వారానికి రెండు నిమిషాల చొప్పున పెంచితే అరగంటకు, అంటే సుమారు మీ 5 కిలోమీటర్లకు, మరో పద్నాలుగు వారాలు. ఏ వారమైనా లాగడం మళ్లీ మొదలైతే కిందటి వారం లెక్కకు దిగండి.