థాంక్స్‌గివింగ్ (2023): తొక్కిసలాటకు దోషి ఎవరు, శిక్ష పడింది ఎవరికి?

పానగల్లు పాఠకుడు:
ఈలై రాత్ దర్శకత్వంలో 2023 నవంబరులో విడుదలైన ‘థాంక్స్‌గివింగ్’ గురించి మన దగ్గర రక్తపాతం ఎక్కువైందా తక్కువైందా అన్న మాటే తప్ప మరో చర్చ జరగలేదు. అందుకే నాకు తోచింది కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంకా చూడనివారికి ముగింపు కూడా ఇందులో తెలిసిపోతుంది, గమనించగలరు.

కథ మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్ పట్టణంలో నడుస్తుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ నాడు ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేయడం, మరునాడు శుక్రవారం దుకాణాలలో భారీ తగ్గింపు అమ్మకాలు జరగడం అమెరికాలో ఆనవాయితీ. రైట్‌మార్ట్ అనే దుకాణం యజమాని ఆ అమ్మకాన్ని పండుగ రాత్రికే జరిపి, మొదటి వందమందికి వాఫుల్ యంత్రం ఉచితమని ప్రకటిస్తాడు. బయట జనం ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడి ఉండగా, యజమాని కూతురు జెస్సికా తన స్నేహితులను వేరే తలుపు గుండా లోపలికి తీసుకుపోతుంది. వాళ్లలో ఒకడు అద్దం వెనక నుంచి బయటివారిని రెచ్చగొడతాడు. అంతే, అడ్డుకంచె కూలిపోతుంది, తలుపులు పగిలిపోతాయి, కిందపడిన మనిషి మీద నుంచే మిగతా జనం నడిచిపోతారు. దుకాణం మేనేజరు మిచ్ భార్య అమండా జుట్టు తోపుడుబండి చక్రంలో చిక్కుకుంటుంది. ఆ తర్వాత జరిగేది చూసి నేను కాసేపు సినిమా ఆపవలసి వచ్చింది. ఇటీవలి స్లాషర్ చిత్రాలలో, అంటే హంతకుడు ఒక్కొక్కరినే వెంటాడి చంపే భయానక చిత్రాలలో, ఇంత గట్టి ప్రారంభం నేను చూడలేదు.

ఏడాది తర్వాత, ప్లిమత్ చరిత్రలోని జాన్ కార్వర్ అనే నాయకుడి ముసుగు వేసుకున్న హంతకుడు ఆ రాత్రితో సంబంధం ఉన్నవారిని ఒక్కొక్కరినే చంపుతాడు. ఇక్కడి వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే చివరికి ఆ హంతకుడు ఊరి షెరీఫ్ (పోలీసు అధికారి) అనీ, అమండాతో అతనికి రహస్య సంబంధం ఉండేదనీ, ఆమె కడుపులో ఉన్నది అతని బిడ్డేననీ తేలుతుంది. పండుగ పూట దుకాణం తెరిచింది ఎవరు, ఎవరి లాభం కోసం తెరిచారు అని మొదలైన ప్రశ్న ఒక ప్రేమ వ్యవహారంగా ముగిసిపోయింది. 1981 నాటి ‘మై బ్లడీ వాలెంటైన్’లో గనిలోని మీథేన్ వాయువును పరీక్షించకుండానే సూపర్‌వైజర్లు వాలెంటైన్ డాన్సుకు వెళ్లిపోతారు, కార్మికులు గనిలో చిక్కుకుంటారు. అక్కడ నిర్లక్ష్యమే కథకు మూలం, చివరిదాకా అది మన మనసులోంచి పోదు.

దేవరకొండ దారి:
యజమాని ప్రాణాలతో బయటపడతాడని నాకు మొదట్లోనే అర్థమైంది.

హాలియా వాసి:
పానగల్లు పాఠకుడు గారికి నమస్కారం. మీరు ఎత్తిచూపిన బలహీనతకన్నా పెద్దది ఒకటి ఈ చిత్రం పునాదిలోనే ఉంది, దానిని మీరు ప్రస్తావించలేదు. మసాచుసెట్స్‌లో థాంక్స్‌గివింగ్ నాడు ఇలాంటి పెద్ద దుకాణాలు తెరవడానికి చట్టం ఒప్పుకోదు. కొన్ని రోజుల్లో వ్యాపారాన్ని కట్టడి చేసే, వలస కాలం నుంచి వస్తున్న ‘బ్లూ లాస్’ అనే చట్టాలు ఆ రాష్ట్రంలో ఇప్పటికీ అమలులో ఉన్నాయి. అదే ప్రాంతంలోని రోడ్ ఐలండ్, మెయిన్ రాష్ట్రాల్లోనూ దాదాపు ఇదే పద్ధతి. గురువారం రాత్రి రైట్‌మార్ట్ తలుపులు తెరుచుకోవడం అంటేనే నేరం. అయినా షెరీఫ్‌తో సహా ఒక్క పాత్ర కూడా ఈ మాట అనదు. కథను ఏరికోరి ప్లిమత్‌లో పెట్టుకున్న దర్శకుడు ఆ ఊరి చట్టాన్ని మాత్రం పక్కన పెట్టేశాడు.

‘మై బ్లడీ వాలెంటైన్’ గురించి మీరు చెప్పింది సగమే. అక్కడ కూడా అసలు హంతకుడు గనిలో చిక్కుకుపోయిన హ్యారీ వార్డెన్ కాదు. చిన్నతనంలో తండ్రి హత్యను కళ్లారా చూసిన ఆక్సెల్. అంటే అదీ సొంత పగే. ఆ చిత్రాన్ని మెచ్చుకుని ఈ చిత్రాన్ని మాత్రం సొంత పగ అని తప్పుపట్టడం సరికాదు.

పాలమూరు ప్రేక్షకుడు:
సినిమాలో చట్టం వెతకడం దేనికి? భయం కలిగిందా లేదా అన్నది చూడాలి. నాకు కలిగింది.

పానగల్లు పాఠకుడు:
హాలియా వాసి గారూ, ఆక్సెల్ సంగతి నాకు తెలియక కాదు. ఆక్సెల్ తండ్రి ఎవరు? విధులు వదిలేసి డాన్సుకు వెళ్లిన సూపర్‌వైజర్లలో ఒకడు. ఆ కథలో మొదట ప్రాణం పోయింది బాధ్యులకే, పగ తర్వాతి తరానికి పాకింది. నిర్లక్ష్యం తాలూకు వేరు చివరి సన్నివేశం దాకా కనబడుతూనే ఉంటుంది. ఇక్కడ షెరీఫ్ పగకు మూలం అమండా మీది మమకారం మాత్రమే. అదే తొక్కిసలాటలో ఆమె కాకుండా ఇంకెవరు చనిపోయినా అతను ముసుగు వేసుకునేవాడే కాదు.

చట్టం సంగతి మీరు లేవనెత్తడంతో అసలు విషయం పక్కదారి పడుతోంది. 2008 నవంబరు 28న న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలండ్‌లోని వ్యాలీ స్ట్రీమ్‌లో, వాల్‌మార్ట్ దుకాణం తలుపులు పగలగొట్టుకుని దూసుకొచ్చిన జనం కింద పడి ఒక ఉద్యోగి చనిపోయాడు. అది శుక్రవారం తెల్లవారుజాము. ఆ పూట దుకాణం తెరవడం చట్టబద్ధమే, అయినా మనిషి ప్రాణం నిలబడలేదు కదా.

సూర్యాపేట చరిత్ర మాస్టారు:
ముసుగు గురించి ఒక మాట చెప్పాలి. జాన్ కార్వర్ 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన బృందానికి నాయకుడు, ప్లిమత్ వలసకు మొదటి గవర్నరు. 1621 వసంతంలోనే ఆయన మరణించాడు. అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజలతో కలిసి చేశారని చెప్పుకునే విందు జరిగింది అదే ఏడాది శరదృతువులో, అప్పటికి గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్. ఏ పండుగ పేరుతో కథ నడుస్తోందో ఆ విందు చూడకుండానే పోయిన మనిషి ముఖాన్ని హంతకుడికి తగిలించారు. దానిని కథలో వాడుకుని ఉంటే ఎంతో లోతు వచ్చేది. 1970 నుంచి అదే ప్లిమత్‌లో, అదే రోజున, అక్కడి ఆదివాసులు సంతాప దినం జరుపుకుంటున్నారు. అంతటి చరిత్ర ఉన్న ఊరిలో కథ పెట్టుకుని, కార్వర్‌ను కేవలం టోపీగా, ముసుగుగా మిగల్చడం నాకు పెద్ద లోపంగా తోచింది.

వనపర్తి వెన్నెల:
అన్నలిద్దరూ న్యాయం గురించి, చట్టం గురించి వాదిస్తున్నారు, మాస్టారు చరిత్ర గురించి చెప్పారు. స్లాషర్‌గా ఈ చిత్రం ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 2007లో ‘గ్రైండ్‌హౌస్’ అనే చిత్రం మధ్యలో చూపించిన ఉత్తుత్తి ట్రైలర్ నుంచి పుట్టిన చిత్రం ఇది. ఆ ట్రైలర్‌లో అరిగిపోయిన ఫిల్మ్ రీలు గీతలు, చవకబారు రంగులు, హద్దు మీరిన వికారం ఉండేవి. పూర్తి చిత్రం మాత్రం శుభ్రంగా, మెరుగ్గా ఉంది, అందువల్ల కొంత పొగరు తగ్గింది. హత్యలను అల్లిన తీరు మాత్రం నిజంగా మెచ్చుకోదగినది. హోటల్లో వెయిట్రెస్ తడి ముఖం ఫ్రీజరుకు అంటుకుపోయే చోట కెమెరా తొందరపడదు. చర్మం సాగడం మొదలయ్యే దాకా ఆగుతుంది. ఏం జరగబోతుందో మనకు ముందే తెలిసి, అది జరిగేదాకా ఎదురుచూడవలసి రావడంలోనే భయమంతా ఉంది. 1978 నాటి ‘హాలోవీన్’లో దర్శకుడు జాన్ కార్పెంటర్ దాదాపు రక్తమే చూపకుండా సాధించిన బిగింపు ఇది కాదు, కానీ దీని పని ఇది చక్కగా చేసింది. జెస్సికా స్నేహితుల బృందమే బలహీనం. వారిలో ఇద్దరిని తీసేసినా కథకు తేడా రాదు. బేస్‌బాల్ ఆటగాడు బాబీ చేయి తొక్కిసలాటలో విరగడం మంచి ఆలోచన, కానీ అతణ్ని అనుమానితుడిగా నిలపడానికి తప్ప దానిని వాడుకోలేదు.

హాలియా వాసి:
వెన్నెల గారి విశ్లేషణతో నాకు పేచీ లేదు. కానీ పాఠకుడు గారు నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా వ్యాలీ స్ట్రీమ్‌కు వెళ్లిపోయారు. న్యూయార్క్ చట్టం వేరు, మసాచుసెట్స్ చట్టం వేరు. కథ జరిగే ఊరిలో ఆ రాత్రి దుకాణం తెరవడమే నేరమైనప్పుడు, ఆ నేరాన్ని కథలోంచి తీసేయడం చిన్న పొరపాటు ఎలా అవుతుందో చెప్పండి.

పానగల్లు పాఠకుడు:
మీరు పదే పదే అదే పాయింటు పట్టుకుని వేలాడుతున్నారు కాబట్టి, నేను ఈ చిత్రాన్ని ఎందుకంత మనసుకు పట్టించుకున్నానో చెప్పక తప్పడం లేదు. కొన్నేళ్ల కిందట బతుకమ్మ పండుగకు ముందు, మా ఊళ్లో ఒక బట్టల దుకాణం వాళ్లు నామమాత్రపు ధరకు చీర ఇస్తామని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చాటించారు. మా అమ్మ, మా మేనత్త తెల్లవారక ముందే వెళ్లి వరుసలో నిలబడ్డారు. షట్టరు సగమే ఎత్తారు. వంగి లోపలికి దూరబోయినవారి మీద వెనకవాళ్లు పడ్డారు. మా అమ్మ భుజం ఎముక విరిగింది. షట్టరు దగ్గర ఉన్న సెక్యూరిటీ మనిషి ఆమెను లేపలేదు. లోపలికి ఉరికి, షట్టరు కిందికి గుంజాడు. షట్టరు అంచుకూ గడపకూ మధ్య ఆమె చేయి ఉండిపోయింది. ఈనాటికీ ఆ చేతితో ఆమె నీళ్ల బిందె ఎత్తలేదు.

చిత్రంలో మ్యానీ అనే సెక్యూరిటీ మనిషి తొక్కిసలాటలో పారిపోతాడు. హంతకుడు అతణ్ని ఇంట్లోనే చంపి, వెళ్తూ వెళ్తూ అతని పిల్లికి గిన్నెలో తిండి పెడతాడు. ఆ హత్య చూసినప్పుడు నాకు జాలి కలగలేదు. ఆ మనిషికి తగినదే జరిగిందని అనిపించింది. ఇలాంటి అనుభవం లేనివారికి చట్టం సెక్షన్లు ముఖ్యంగా కనబడవచ్చు.

దేవరకొండ దారి:
2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో ఒక ప్రీమియర్ ప్రదర్శన దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. మన దగ్గర ఇది సినిమాకే పరిమితమైన విషయం కాదు, దయచేసి ఇద్దరూ నిదానంగా రాయండి.

హాలియా వాసి:
‘అనుభవం లేనివారు’ అన్న మాటకు జవాబు చెప్పి తీరతాను. మీ అమ్మగారికి జరిగింది అన్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నా సొంత తమ్ముడు వేరే పట్టణంలో అటువంటి షట్టరు దగ్గరే నిలబడ్డాడు. ఏజెన్సీ ద్వారా పెట్టిన ఉద్యోగం, నెల జీతం ఇంటి అద్దెకు, బియ్యానికి సరిపోయేది. ఆ రోజు గేటు దగ్గర పెట్టింది ఇద్దరిని. ఎంతమంది వస్తారో, తాడు ఎక్కడ కట్టాలో, ఎప్పుడు తెరవాలో వాళ్లకు చెప్పినవారు లేరు. జనం మీద పడ్డప్పుడు లోపలి నుంచి షట్టరు దింపమని కేక వేసింది మేనేజరు. తర్వాత పోలీసు స్టేషను చుట్టూ తిరిగింది మా తమ్ముడు, ఉద్యోగం పోయింది మా తమ్ముడికి. పత్రికలో ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అని వచ్చింది. దుకాణం దసరాకు మళ్లీ తెరుచుకుంది.

నేను చట్టాన్ని పట్టుకుని వేలాడింది ఇందుకే. ఆ పూట తెరవకూడదు అన్న నియమం కథలో ఉంటే, మొదటి జనం రాకముందే, మొదటి అద్దం పగలకముందే, నేరం తెరిచినవాడి మీద పడుతుంది. దాన్ని తీసేస్తే మిగిలేది ఎవరు? తోసుకున్న వెయిట్రెస్, పారిపోయిన మ్యానీ. హంతకుడి జాబితా అక్కడే మొదలవుతుంది. వెయిట్రెస్ శరీరం చెత్తకుండీ మీద రెండు ముక్కలవుతుంది, మ్యానీ తల తెగుతుంది. జెస్సికా సవతి తల్లిని ఓవెన్‌లో కాల్చి బల్ల మీద వడ్డిస్తారు, యజమాని మాత్రం ఆ బల్ల దగ్గర నుంచి ప్రాణాలతో లేస్తాడు. మీరు షెరీఫ్ ప్రేమకథ వల్ల చిత్రం దారి తప్పిందన్నారు. నా దృష్టిలో అంతకు చాలా ముందే, మ్యానీ చావును చూసి మీవంటి మంచి మనిషికి కూడా జాలి కలగకుండా చేసిన చోటే అది దారి తప్పింది. ఆ పిల్లికి తిండి పెట్టడం కూడా అందుకే. హంతకుడి మీద మనకు ఇష్టం పుట్టించి, చచ్చినవాడిని మరిచిపోయేలా చేస్తుంది.

వనపర్తి వెన్నెల:
ఇంతసేపు మనం చర్చించవలసింది ఇదే. స్లాషర్‌లో ఎవరు ఏ వరుసలో చనిపోతారు అన్నదే దర్శకుడి తీర్పు.

పానగల్లు పాఠకుడు:
మీ తమ్ముడి సంగతి చదివి మనసుకు కష్టంగా అనిపించింది, ఆ కేసు నుంచి ఆయన బయటపడ్డారని ఆశిస్తున్నాను. కానీ నా మాట నేను వెనక్కు తీసుకోను. ఆదేశం ఎవరిదైనా, కాళ్ల దగ్గర పడిన మనిషి చేతి మీదికి షట్టరు దించేటప్పుడు ఆ చేయి కనబడుతుంది. ఆ క్షణంలో మేనేజరు లేడు, యజమాని లేడు, ఆ ఇద్దరు మనుషులే ఉన్నారు. చిత్రం ఆ క్షణాన్ని పట్టుకుంది కాబట్టే నేను దానిని గౌరవిస్తాను. యజమానిని వదిలేయడం అన్యాయమని నేను మొదటి నుంచీ అంటున్నాను. అతణ్ని కూడా శిక్షించాలి అంటాను, మ్యానీని విడిచిపెట్టాలి అనను.

హాలియా వాసి:
‘కూడా’ అంటున్నారు, కానీ చిత్రంలో ఆ ‘కూడా’ ఎక్కడుంది? వేరే తలుపు తెరిచి ఈ గొడవకు నిప్పు పెట్టిన జెస్సికాకు చివర్లో ఒక పీడకల వస్తుంది, ఆమెకు పడిన శిక్ష దాదాపు అంతే. ఆమె తండ్రికి అది కూడా లేదు. అమండా భర్త మిచ్, భార్యను పోగొట్టుకుని దుకాణం ముందు నిరసన తెలిపినవాడు, కథ సగం దాకా అనుమానితుడిగా నిలబడ్డాడు. గేటు బయటివారికీ, గేటు దగ్గర ఉద్యోగం చేసేవారికీ ఒక లెక్క, దుకాణం సొంతదారు ఇంటికి మరో లెక్క. మీరు మ్యానీ గురించి రాసినంత వివరంగా యజమాని గురించి కూడా ఒక పేరా రాయండి, ఆ తర్వాత మనం మాట్లాడుకుందాం.

పానగల్లు పాఠకుడు:
రాస్తాను. రేపు ఆ చిత్రంలో యజమాని ఉన్న సన్నివేశాలు మాత్రమే మళ్లీ చూసి, ఇదే చర్చలో పెడతాను. మీరు కూడా మ్యానీ పారిపోయే ఘట్టాన్ని మరొకసారి చూసి, అతని ఎదురుగా పడిపోయిన వాళ్లను చూడగలిగే చోట అతను ఉన్నాడో లేడో చెప్పండి.